చెడ్డ వార్త చెప్పగలిగే టీమ్: ఉద్యోగంలో నాయకత్వం ఎలా అలవడుతుంది

ఆఫీసుల్లో నాయకత్వం చాలామందికి ఒకే దారిన వస్తుంది. పని బాగా చేసినందుకు ప్రమోషన్ ఇస్తారు. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న సహోద్యోగి ఈ రోజు నుంచి టీమ్ లీడ్ అవుతారు. జీతం కొంచెం పెరుగుతుంది, మీటింగులు బాగా పెరుగుతాయి. అసలు ఏం మారిందో మాత్రం ఎవరూ విడమర్చి చెప్పరు. ఇన్నాళ్లూ తాను చేసిన పనికి మార్కులు పడ్డాయి, ఇక మీదట తన టీమ్ చేసే పనికి పడతాయి. నిజానికి ఇవి రెండు వేర్వేరు ఉద్యోగాలు. అన్నీ తానే చూసుకోవడం, అందరికన్నా ముందు సమాధానం చెప్పడం, ఎవరైనా ఆలస్యం చేస్తే ఆ పని తన మీద వేసుకుని పూర్తి చేయడం మొదటి ఉద్యోగంలో పేరు తెచ్చిన అలవాట్లు. రెండో ఉద్యోగంలో ఇవే కాళ్లకు అడ్డం పడతాయి.

ఉద్యోగి తనకు చేతకాని మెట్టు చేరేదాకా పైకి ఎక్కుతూనే ఉంటాడని 1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ రాశారు. అప్పట్లో దాన్ని వ్యంగ్యంగానే చదివారు. యాభై ఏళ్ల తర్వాత, 2019లో, అలన్ బెన్సన్, డేనియెల్ లీ, కెల్లీ షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికా కంపెనీల్లోని సేల్స్ సిబ్బంది రికార్డులు తీసుకుని ఇదే సంగతిని లెక్కలతో చూశారు. అమ్మకాల్లో ముందున్నవారికే మేనేజర్ పదవి వచ్చే అవకాశం ఎక్కువ. కానీ ఆ పదవిలోకి వచ్చాక వారి టీమ్‌ల అమ్మకాలు అంత బాగా లేవు. ఇతరులతో కలిసి అమ్మకాలు సాధించిన అనుభవం ఉన్నవారు మాత్రం మేనేజర్లుగా మెరుగ్గా రాణించారు. సొంత పనిలో దిట్ట కావడం నాయకత్వానికి హామీ కాదన్నమాట.

అయితే నాయకత్వం పుట్టుకతో రావాల్సిందేనా? ఈ ప్రశ్న మీద పరిశోధకులు చాలాకాలం తల పగలగొట్టుకున్నారు. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, కొన్ని లక్షణాలు ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులు కాలేరని, పరిస్థితిని బట్టి కావలసిన గుణాలు మారుతుంటాయని తేల్చారు. 2006లో రిచర్డ్ ఆర్వే బృందం కవలల మీద చేసిన అధ్యయనంలో, నాయకత్వ పదవుల్లోకి రావడంలో మనుషుల మధ్య కనిపించే తేడాలో దాదాపు 30 శాతానికి జన్యువులు కారణమని తేలింది. మిగతాదంతా పెరిగిన వాతావరణం, దొరికిన అవకాశాలు, నేర్చుకున్న పని. ఆ మిగతాది చాలా పెద్ద భాగం. కాబట్టి గంభీరమైన గొంతు, వేదిక మీద తడబడని మాట లేవని ఎవరూ వెనకడుగు వేయనక్కర్లేదు. ఎలాగూ టీమ్ సభ్యులు రోజూ చూసేది వేదిక మీది మనిషిని కాదు.

మరి నేర్చుకోవాల్సిన వాటిలో ముందుగా దేన్ని పట్టుకోవాలి? దార్శనికత, ప్రసంగం, వ్యూహం అంటూ శిక్షణ కోర్సుల్లో జాబితాలు చాలానే కనిపిస్తాయి. వాటన్నిటికన్నా ముందు నిలబెట్టాల్సిన నైపుణ్యం ఒకటుంది. కింద పనిచేసేవారు చెడ్డ వార్తను ఆలస్యం చేయకుండా, భయపడకుండా వచ్చి చెప్పేలా చూసుకోవడం. ఇది లేని మేనేజర్‌కి మిగతా నైపుణ్యాలు ఎన్ని ఉన్నా, చేతికందేది సగం సమాచారమే. సగం సమాచారంతో ఎంత తెలివైనవారైనా తప్పు నిర్ణయమే తీసుకుంటారు.

కాక్‌పిట్ నేర్పిన పాఠం

ఈ సంగతిని అందరికన్నా బాధాకరంగా నేర్చుకున్నది విమానయాన రంగం. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫ్‌లో దట్టమైన పొగమంచు కమ్మింది. నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎమ్‌కు చెందిన బోయింగ్ 747 టేకాఫ్ అనుమతి రాకుండానే రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. అదే రన్‌వే మీద అమెరికా సంస్థ పాన్ యామ్ విమానం, అదీ 747యే, ఇంకా ఉంది. ఆ విమానం రన్‌వే ఖాళీ చేయలేదేమోనన్న అనుమానం కేఎల్ఎమ్ ఫ్లైట్ ఇంజనీర్‌కు వచ్చింది. ఆయన అడిగారు కూడా. కెప్టెన్ ఖాళీ అయిందని గట్టిగా చెప్పి ముందుకు పోనిచ్చారు. ఆయన ఆ సంస్థలో అందరూ గౌరవించే సీనియర్, ఇతర పైలట్లకు శిక్షణ ఇచ్చే మనిషి. ఇంజనీర్ మళ్లీ అడగలేదు. కొన్ని క్షణాల తర్వాత రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు.

మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం ఇంధనం అయిపోయి కూలింది. ల్యాండింగ్ గేర్ (విమానం దిగే చక్రాల) సమస్య మీదే కెప్టెన్ ధ్యాసంతా ఉంది. ఇంధనం తగ్గుతోందని మిగతా సిబ్బందికి తెలుసు. చెప్పారు కూడా, కానీ కెప్టెన్ చెవికెక్కేంత గట్టిగా చెప్పలేదు. పది మంది ప్రాణాలు పోయాయి. ఈ రెండు ప్రమాదాల్లోనూ నైపుణ్యానికి లోటు లేదు. కావలసిన సమాచారం కాక్‌పిట్‌లోనే ఉంది. నిర్ణయం తీసుకునే మనిషి దాకా చేరలేదంతే.

1979లో నాసా ఈ సమస్య మీద ఒక వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి కొత్త తరహా శిక్షణ మొదలుపెట్టింది. తర్వాత దానికి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అన్న పేరు స్థిరపడి ప్రపంచమంతా పాకింది. అందులో నేర్పేది సూటిగా ఉంటుంది. కెప్టెన్ అడగాలి, వినాలి. కింది స్థాయివారు అనుమానాన్ని నసగకుండా స్పష్టంగా చెప్పాలి, పట్టించుకోకపోతే మళ్లీ చెప్పాలి. చివరి నిర్ణయం మాత్రం కెప్టెన్‌దే. 1989 జులైలో యునైటెడ్ 232 విమానం తోక ఇంజన్ పగిలి, విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ వ్యవస్థ మొత్తం పోయింది. అలాంటి విమానాన్ని దించే పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్, ఇద్దరు సిబ్బంది, ప్రయాణికుడిగా వచ్చిన డెనిస్ ఫిచ్ అనే శిక్షణ పైలట్ కలిసి, మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ అమెరికాలోని సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఒక్కరి బుర్రతో అయ్యే పని కాదని, ఈ శిక్షణే తమను కాపాడిందని హేన్స్ తర్వాత ఎన్నో చోట్ల చెప్పారు. పెద్ద పదవిలో ఉన్నవారు వినడం నేర్చుకోగలరు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆఫీసులో తప్పు జరిగితే ప్రాణాలు పోకపోవచ్చు. జరిగే తీరు మాత్రం ఇదే. డెడ్‌లైన్‌కి పని పూర్తి కాదని టీమ్‌లో నలుగురికి ముందే తెలుసు. మేనేజర్ అడిగితే మాత్రం ‘దాదాపు అయిపోయింది సార్’ అంటారు. చివరి వారంలో నిజం బయటపడి అందరూ రాత్రుళ్లు కూర్చుంటారు. ఇలాంటప్పుడు ముందే ఎందుకు చెప్పలేదని సిబ్బందిని నిలదీయడం పరిపాటి. అడగాల్సిన ప్రశ్న వేరు. చెప్పిన వాళ్లకు ఇంతకుముందు ఏమైంది?

హార్వర్డ్ ఆచార్యురాలు అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. లోతుగా చూస్తే, ఆ బృందాల్లో పొరపాటును దాచకుండా చెప్పే వాతావరణం ఉంది. మిగతా చోట్ల అవి కాగితం దాకా రావడం లేదు. 1999లో ఆమె ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను చూసి, తెలియదని ఒప్పుకున్నా, తప్పు చెప్పినా, ప్రశ్న అడిగినా చిన్నబుచ్చరన్న నమ్మకం ఉన్న బృందాలే ఎక్కువ నేర్చుకుంటున్నాయని చూపించారు. గూగుల్ 2012లో మొదలుపెట్టి దాదాపు 180 టీమ్‌లను పరిశీలించినప్పుడు కూడా, టీమ్‌లో ఎవరెవరు ఉన్నారన్నదానికన్నా ఈ నమ్మకం ఉందా లేదా అన్నదే ముఖ్యమని తేలింది. దీన్ని మెతకదనం అనుకోకూడదు. పని నాణ్యతలో రాజీ పడమని ఎడ్మండ్‌సన్ ఎక్కడా చెప్పలేదు. ఉన్నతమైన ప్రమాణం, భయం లేని మాట రెండూ కలిసి ఉండాలన్నదే ఆమె వాదన.

ఈ నమ్మకం ఏర్పడేదీ పోయేదీ చాలా చిన్న క్షణాల్లో. ఒకరు వచ్చి ‘క్లయింట్‌కి పంపిన లెక్కల్లో తప్పు దొర్లింది’ అన్నారనుకుందాం. ‘ఇదా ఇప్పుడు చెప్పేది!’ అని విసుక్కుంటే, ఆ మాట విన్న పక్కవాళ్లు కూడా ఒక పాఠం నేర్చుకుంటారు. ‘చెప్పడం మంచిదైంది. తప్పు ఎంతవరకు వెళ్లింది? సరిచేయడానికి ఏం కావాలి?’ అంటే ఇంకో పాఠం నేర్చుకుంటారు. ఎవరి తప్పు, ఎందుకు జరిగింది అన్న విచారణ ఉండాల్సిందే. అది మంట ఆరాక. మొదటి నిమిషంలో మేనేజర్ ముఖం ఎలా మారిందన్నదే టీమ్ గుర్తుపెట్టుకుంటుంది. ‘నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది’ అని ఎన్నిసార్లు ప్రకటించినా, ఆ ఒక్క నిమిషం ముందు నిలవదు.

మీటింగుల్లోనూ కొన్ని పద్ధతులు పనిచేస్తాయి. మేనేజర్ తన అభిప్రాయం చివర చెప్పాలి. ముందే చెబితే మిగతావారు తలాడించడమే మిగులుతుంది. ‘సందేహాలేమైనా ఉన్నాయా?’ అని అడిగితే మౌనమే సమాధానం. ‘ఈ ప్లాన్ ఎక్కడ దెబ్బతినే అవకాశం ఉంది?’ అని అడిగితే నోళ్లు విచ్చుకుంటాయి. నిర్ణయశాస్త్రంలో పేరున్న గ్యారీ క్లైన్ సూచించిన పద్ధతి ఇంకా ఒక అడుగు ముందుకెళ్తుంది. పని మొదలుకాకముందే, అది పూర్తిగా విఫలమైందని ఊహించుకోమని, ఎందుకు విఫలమైందో ఎవరికివారు కాగితం మీద రాయమని చెప్పాలి. అప్పుడు లోపం ఎత్తిచూపడం ఎదురు మాట్లాడటం కాదు, అప్పగించిన పని అవుతుంది. మొహమాటస్తులకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

పని అప్పగించడం, మాట చెప్పడం

కొత్త మేనేజర్లు ఎక్కువగా నలిగిపోయేది పని అప్పగించే దగ్గర. ‘నేను చేస్తే గంటలో అయిపోతుంది, వాళ్లకు చెప్పి చేయించేసరికి రెండు రోజులు’ అనే లెక్క ఈ వారానికి నిజమే. ఏడాదికి చూస్తే అబద్ధం. ఆ రెండు రోజులు పెట్టకపోతే ఆ గంట ప్రతి వారం మేనేజర్ మీదే పడుతుంది, టీమ్‌లో ఎవరికీ ఆ పని రాదు. అలాగని పని పారేసి చేతులు దులుపుకోవడమూ అప్పగించడం కాదు.

1939లో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగం పాతదే అయినా ఇక్కడ పనికొస్తుంది. ప్రతిదీ తానే శాసించే పెద్ద ఉన్న గుంపులో, ఆయన గది దాటగానే పని కుంటుపడింది. చర్చించి నిర్ణయించే పెద్ద ఉన్న గుంపులో ఆయన లేకపోయినా పని సాగింది. ఏమీ పట్టించుకోని పెద్ద ఉన్న చోట మొదటి నుంచీ పని సరిగా జరగలేదు. మేనేజర్ వారం రోజులు సెలవు పెడితే టీమ్ ఏమవుతుందన్నది ఈనాటికీ మంచి పరీక్షే.

ఎవరికి ఎంత వదలాలి అన్నది మనిషిని బట్టి, పనిని బట్టి మారుతుంది. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చారు. పనికి కొత్తవారికి దగ్గరుండి చెప్పాలి, అనుభవం పెరిగేకొద్దీ పట్టు సడలించాలి. వారు చెప్పిన వివరాలన్నీ పరిశోధనల్లో నిలబడలేదు, కానీ మూల సూత్రం ఆఫీసులో రోజూ అక్కరకొస్తుంది. పదేళ్ల సీనియర్ కూడా కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కొత్తవారే. వారికి గౌరవంగా వివరంగా చెప్పడం అవమానం కాదు. రెండేళ్ల జూనియర్‌కి కూడా తాను ఇరవైసార్లు చేసిన పని మీద గంటకోసారి అప్‌డేట్ అడిగితే ఊపిరాడదు.

అప్పగించేటప్పుడు చాలామంది ఏం చేయాలో చెబుతారు, ఎందుకో చెప్పరు. ఎందుకో తెలిసిన మనిషి దారిలో అడ్డంకి వస్తే వేరే దారి వెతుక్కుంటారు. తెలియని మనిషి ఆగి ఎదురుచూస్తారు. ఏ నిర్ణయాలు సొంతంగా తీసుకోవచ్చో, ఏవి అడిగి తీసుకోవాలో ముందే తేల్చాలి. మధ్యలో ఎప్పుడు కలిసి చూసుకోవాలో కూడా మొదటి రోజే అనుకుంటే, ఆ తర్వాత అడిగే అప్‌డేట్ అపనమ్మకంలా వినిపించదు. పని తిరిగి వచ్చినప్పుడు అది మేనేజర్ చేసే తీరులో ఉండదు. ఫలితం బాగుంటే ఆ తేడాను భరించడం నేర్చుకోవాలి. ప్రతి వాక్యం దిద్ది తిరిగి పంపితే, తర్వాతిసారి సగం పనే చేసి పంపుతారు, ఎలాగూ దిద్దుతారు కదా అని.

ఇక ఫీడ్‌బ్యాక్. ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదని ఒక నమ్మకం ఉంది. 1996లో అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసి 607 ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలు చేసింది, కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ప్రయోజనం తగ్గిందని వారి వివరణ. ‘మీకు శ్రద్ధ లేదు’ అన్న మాటతో ఎదుటివారు ఏమీ చేయలేరు, తమను తాము కాపాడుకోవడం తప్ప. ‘మొన్నటి రిపోర్టులో మూడో పట్టికకూ, సారాంశానికీ అంకెలు కలవలేదు. క్లయింట్ అదే పట్టుకున్నారు. పంపే ముందు ఎలా సరిచూస్తున్నారు?’ అంటే సంభాషణ మొదలవుతుంది. మెచ్చుకోలుకీ ఇదే వర్తిస్తుంది. ‘సూపర్ చేశారు’ అన్నది వినడానికి బాగుంటుంది, కానీ మళ్లీ ఏం చేయాలో చెప్పదు.

ఇలాంటి మాట ఏడాదికోసారి అప్రైజల్‌లో పేర్చి చెబితే పాతబడిపోతుంది. ప్రతి ఒక్కరితో వారానికో, రెండు వారాలకో ఒకసారి విడిగా కూర్చునే అరగంటకు విలువ ఇక్కడే. అది పని స్టేటస్ తెలుసుకునే సమయం కాదు, అది మెయిల్‌లో కూడా తెలుస్తుంది. ఎక్కడ ఇరుక్కున్నారు, ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు, మేనేజర్ వైపు నుంచి ఏం అడ్డం వస్తోంది అని అడిగే సమయం. టెన్షన్ ఎక్కువున్న వారాల్లో మొదట రద్దయ్యేది ఈ అరగంటే. అవసరం ఎక్కువున్నదీ ఆ వారాల్లోనే. మంచి మేనేజర్లు ఏం చేస్తారని గూగుల్ 2009 ప్రాంతంలో తన సొంత సమాచారాన్ని జల్లెడ పట్టినప్పుడు ఎనిమిది అలవాట్లు తేలాయి. మంచి కోచ్‌గా ఉండటం మొదట నిలిచింది, సాంకేతిక నైపుణ్యం చివర నిలిచింది. ఇంజనీర్లతో నిండిన కంపెనీలో వచ్చిన ఫలితం ఇది.

వినడం గురించి ఇంత చెప్పాక ఒక జాగ్రత్త. అందరి మాట వినడమంటే అందరూ ఒప్పుకునేదాకా ఆగడం కాదు. విన్న తర్వాత నిర్ణయం తీసుకుని, ఎందుకో చెప్పి, దాని భారం తన మీద వేసుకోవాలి. ఎవరి నొప్పీ చూడలేక నిర్ణయాన్ని వాయిదా వేసే మేనేజర్ కింద పనిచేయడం, కర్ర పెత్తనం కింద పనిచేసినంత కష్టమే.

సాధన ఎలా?

ఇవన్నీ చదివితే రావు. రెండు రోజుల వర్క్‌షాప్‌లో కూర్చున్నా అంతంత మాత్రమే. 2017లో క్రిస్టినా లాసెరెంజా బృందం నాయకత్వ శిక్షణ మీద జరిగిన అధ్యయనాల్లోని 335 బృందాల ఫలితాలను కలిపి విశ్లేషించింది. శిక్షణ నిజంగానే ఫలితం ఇస్తుందని తేలింది. అయితే ముందుగా అవసరం ఏమిటో తెలుసుకుని రూపొందించినవి, చేసి చూసే అభ్యాసం ఉన్నవి, ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవి, ఒకేసారి కుక్కకుండా విడతలుగా జరిగినవి బాగా పనిచేశాయి. అంటే శిక్షణకూ శిక్షణకూ మధ్య ఆఫీసులో ప్రయత్నించి చూసే వ్యవధి కావాలి.

సొంతంగా సాధన చేసేవారికి కూడా ఇదే దారి. ఒకేసారి ఐదు గుణాలు మార్చుకుందామనుకుంటే ఒక్కటీ మారదు. ఒకటే పట్టుకోవాలి, అదీ సందర్భంతో ముడివేసి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఇలాంటి ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అనే ప్లాన్ల మీద చాలా పనిచేశారు. 2006లో పాస్కల్ షీరన్‌తో కలిసి 94 పరీక్షలను సమీక్షించి, ఉత్త సంకల్పం కన్నా ఇవి లక్ష్యాన్ని చేరడానికి గట్టిగా తోడ్పడతాయని చూపారు. ‘బాగా వింటాను’ అనుకోవడం సంకల్పం. ‘ఎవరైనా సమస్యతో వస్తే, సలహా చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను’ అన్నది ప్లాన్. నెల రోజులకు అది అలవాటులో పడిందో లేదో టీమ్‌లో నమ్మకమైన ఒకరిని అడిగితే తెలిసిపోతుంది. తన అంచనా తాను వేసుకుంటే ఎక్కువ మార్కులే పడతాయి.

పని ముగిశాక కూర్చుని సమీక్షించుకోవడం ఇంకో మంచి సాధన. అమెరికా సైన్యం దీన్ని ఒక క్రమంలో పెట్టింది. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, ఈసారి ఏం చేద్దాం. 2013లో స్కాట్ టానెన్‌బామ్, క్రిస్టఫర్ సెరసోలి ఇలాంటి సమీక్షల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, పనితీరు సగటున 20 నుంచి 25 శాతం మెరుగుపడినట్లు తేలింది. ఖర్చు లేని పనికి ఇంత ఫలితం అరుదు. అందులో మేనేజర్ ముందుగా తన వైపు లోటు చెబితే మిగతావారికి దారి తెరుచుకుంటుంది.

అయితే భారమంతా కొత్త మేనేజర్ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఎదగడానికి మేనేజర్ పదవి తప్ప వేరే మెట్టు లేని సంస్థలో, మనుషులను నడపడం ఇష్టం లేనివారు కూడా జీతం కోసం అటే వెళ్తారు. నిపుణులు నిపుణులుగానే పైకి ఎదిగే మార్గం ఉండాలి. ప్రమోషన్‌కు ముందే ఒక చిన్న ప్రాజెక్టో, ఒక ఇంటర్న్ బాధ్యతో ఇచ్చి చూడాలి. మేనేజర్ అయ్యాక పాత పని బరువు నిజంగా తగ్గించాలి. పది మందిని చూసుకుంటూ పాత పని మొత్తం కూడా చేయమంటే ఆ వారపు అరగంటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆర్నెల్లు చేసి చూశాక ఇది తనకు సరిపడదనుకున్నవారు జీతం, పరువు పోకుండా తిరిగి పాత పనికి వెళ్లగలగాలి. ఆ దారి లేనందువల్లే సరిపడని కుర్చీల్లో కొందరు ఏళ్ల తరబడి కూర్చుండిపోతున్నారు, వారి కిందివారు ఉద్యోగాలు మారుతున్నారు.